రాజ్యాంగం రాసిన లాయరు, అప్పులవాళ్లకు దొరక్కుండా తిరిగిన సుప్రీంకోర్టు జడ్జి: జేమ్స్ విల్సన్ గురించి చర్చ

ఫిల్లీ_బాబాయ్

1776 నాటి అమెరికా స్వాతంత్ర్య ప్రకటన మీద, 1787 నాటి రాజ్యాంగం మీద, రెండింటి మీదా సంతకం ఉన్నవాళ్లు మొత్తం ఆరుగురే. బెంజమిన్ ఫ్రాంక్లిన్, రాబర్ట్ మోరిస్, జార్జ్ క్లైమర్, రోజర్ షెర్మన్, జార్జ్ రీడ్, జేమ్స్ విల్సన్. ఫ్రాంక్లిన్ సంగతి చెప్పక్కర్లేదు. విల్సన్ పేరు మాత్రం ఇక్కడ అమెరికాలో పుట్టి పెరిగిన మా పిల్లల పాఠ్యపుస్తకాల్లో కూడా ఒక లైనుకు మించి కనిపించదు.

స్కాట్లాండులో ఫైఫ్ ప్రాంతంలో ఒక రైతు కుటుంబంలో 1742లో పుట్టాడు. సెయింట్ ఆండ్రూస్‌లో చదివాడు. చర్చి పాస్టరు అవుతాడని ఇంట్లోవాళ్ల ఆశ. ఇతను మాత్రం ఇరవై మూడేళ్ల వయసులో ఓడెక్కి ఫిలడెల్ఫియా వచ్చేశాడు. కాలేజీలో ట్యూటరుగా మొదలుపెట్టి, జాన్ డికిన్సన్ దగ్గర లా నేర్చుకుని 1767లో లాయరయ్యాడు. ఆ తర్వాత కాంగ్రెస్ సభ్యుడు, రాజ్యాంగ సభలో పెద్ద గొంతుల్లో ఒకడు, 1789లో వాషింగ్టన్ నియమించిన మొట్టమొదటి సుప్రీంకోర్టు జడ్జిల్లో ఒకడు. చివరికి ఆ జడ్జి పదవిలో ఉండగానే అప్పుల కోసం రెండుసార్లు జైల్లో పడ్డాడు. 1798 ఆగస్టులో నార్త్ కెరొలైనాలోని ఈడెంటన్ అనే చిన్న ఊళ్లో, ఒక సత్రంలో చనిపోయాడు. అప్పటికి యాభై ఆరు కూడా నిండలేదు.

నాకు తెలిసి ఆ తరం నాయకుల్లో ఇంత ఎత్తు నుంచి ఇంత కిందికి పడ్డవాడు మరొకడు లేడు. చదివినవాళ్లు ఉంటే రండి, మాట్లాడుకుందాం.

నల్లకోటు

మంచి టాపిక్ బాబాయ్ గారు. అప్పట్లో అక్కడ లా కాలేజీలు లేవు. సీనియర్ ఆఫీసులో చేరి, ఆయన పుస్తకాలు చదివి, ఆయన డ్రాఫ్టులు కాపీ చేసి నేర్చుకోవాలి. మన దగ్గర జూనియర్లు ఇప్పటికీ చేసేది దాదాపు అదే అనుకోండి, డిగ్రీ తర్వాత. డికిన్సన్ అంటే ఆ కాలానికి పేరుమోసిన లాయరు, లండన్‌లో చదువుకుని వచ్చినవాడు.

విల్సన్ మొదట రెడింగ్‌లో, తర్వాత కార్లైల్‌లో ప్రాక్టీస్ పెట్టాడు. రెండూ అప్పటికి కొత్త సరిహద్దు ఊళ్లు. అక్కడ కేసులంటే ఎక్కువగా భూమి తగాదాలు. పట్టా ఒకడిది, సాగు ఒకడిది, సర్వే ఇంకొకడిది. కేసుల్లో బాగా సంపాదించాడు, పనిలో పనిగా భూమి మీద మోజు కూడా అక్కడే అంటుకుంది. తర్వాతి కథకంతా విత్తనం అదే అని నా అభిప్రాయం.

ఇంకోటి. బ్రిటిష్ పార్లమెంటుకు వలసల మీద ఏ అధికారమూ లేదని వాదిస్తూ 1768లోనే ఒక పెద్ద వ్యాసం రాసి పెట్టుకున్నాడు, 1774లో అచ్చు వేశాడు. చాలామంది ఇంకా 'పన్నులు వేయకూడదు గానీ మిగతా చట్టాలు చేయొచ్చు' అని మెట్టు మెట్టుగా నడుస్తున్న రోజులవి. ఇతను ఒకేసారి చివరి మెట్టు మీద నిలబడ్డాడు. రాజు పట్ల విధేయత ఉంటుంది, మేం ఎన్నుకోని పార్లమెంటుకు లోబడం, అని.

గుంటూరు_ఘాటు

అంత ముందుచూపు ఉన్నవాడు 1776 జూన్‌లో స్వాతంత్ర్యం ఇప్పుడే వద్దు, మూడు వారాలు ఆగుదాం అని ఎందుకన్నాడు సార్? వ్యాసం రాయడం వేరు, తల పెట్టడం వేరు.

ఫిల్లీ_బాబాయ్

@గుంటూరు_ఘాటు, అది పిరికితనం కాదు. పెన్సిల్వేనియా అసెంబ్లీ తన ప్రతినిధులకు స్వాతంత్ర్యానికి ఓటు వేయొద్దని చెప్పి పంపింది. మమ్మల్ని పంపినవాళ్లను అడిగి వస్తాం అన్నాడు, అంతే. ఆ తర్వాత అసెంబ్లీయే మెత్తబడింది. జూలై 2న పెన్సిల్వేనియా ఓటు ఎలా పడిందో తెలుసా? ఫ్రాంక్లిన్, మోర్టన్, విల్సన్ అవును అన్నారు. విల్లింగ్, హంఫ్రీస్ కాదన్నారు. డికిన్సన్, రాబర్ట్ మోరిస్ కావాలనే సీట్లోకి రాలేదు. 3-2. తనకు లా నేర్పిన గురువు పక్కకు తప్పుకుంటే శిష్యుడు ఓటు వేశాడు. విల్సన్ అటు తిరిగి ఉంటే పెన్సిల్వేనియా 'వద్దు' అన్నట్టే.

గుంటూరు_ఘాటు

సరే ఆ ఓటు ఇచ్చేశా. ఆ తర్వాత ఏం చేశాడో కూడా చెప్పండి. 1776లో పెన్సిల్వేనియా రాసుకున్న రాష్ట్ర రాజ్యాంగం ఆ రోజుల్లో అన్నిటికంటే ప్రజాస్వామ్యంగా ఉండేది. ఒకే సభ, ఏటా ఎన్నికలు, పన్ను కట్టే ప్రతి మగవాడికీ ఓటు. దాన్ని మొదటి రోజు నుంచీ వ్యతిరేకించింది ఈయనే. 1790లో మార్చేదాకా నిద్రపోలేదు. కొత్తదాంట్లో పెద్ద చేయి ఈయనదే. ఊళ్లో జనం రొట్టె కొనలేక ఏడుస్తుంటే ధరల మీద అదుపు వద్దు అన్నవాళ్ల తరఫున నిలబడ్డాడు. డబ్బున్నవాళ్ల లాయరు. అందుకే జనం ఇంటి మీదకు వెళ్లారు.

ఫిల్లీ_బాబాయ్

ఆ గొడవ గురించి తెలియనివాళ్ల కోసం రాస్తాను, ఎందుకంటే అది సినిమా తీయాల్సిన సీను.

1779. యుద్ధం ఇంకా నడుస్తోంది. కాంగ్రెస్ అచ్చు వేసిన నోట్లకు విలువ పడిపోయి, వస్తువుల ధరలు ఆకాశాన్ని అంటాయి. మిలీషియాలో (మామూలు పౌరులతో కట్టిన సేనలో) పనిచేసిన పేదవాళ్లు, చేతిపనులవాళ్లు వ్యాపారులు సరుకు దాస్తున్నారని మండిపోతున్నారు. దానికి తోడు విల్సన్ ముందు ఏడాది బ్రిటిష్‌వాళ్లకు సాయం చేశారన్న దేశద్రోహం కేసుల్లో నిందితుల తరఫున వాదించాడు. వాళ్లలో అబ్రహం కార్లైల్, జాన్ రాబర్ట్స్ అనే ఇద్దరు క్వేకర్లను (క్వేకర్లంటే ఒక క్రైస్తవ శాఖవాళ్లు) ఉరి తీశారు కూడా. అయినా వాదించినవాడి మీద కోపం తగ్గలేదు.

అక్టోబర్ 4న మిలీషియా గుంపు తుపాకులతో ఊరంతా తిరిగి, థర్డ్ స్ట్రీట్, వాల్‌నట్ స్ట్రీట్ మూల మీదున్న విల్సన్ ఇంటికి వచ్చింది. లోపల విల్సన్, రాబర్ట్ మోరిస్, థామస్ మిఫ్లిన్, ఇంకా వాళ్ల స్నేహితులు ఆయుధాలతో తలుపులు బిగించుకుని కూర్చున్నారు. కాల్పులు మొదలయ్యాయి. లోపలివైపు కెప్టెన్ క్యాంప్‌బెల్ చనిపోయాడు, వీధిలో కూడా ప్రాణాలు పోయాయి. తలుపు బద్దలు కొట్టే సమయానికి రాష్ట్రాధినేత జోసెఫ్ రీడ్ గుర్రపు దళంతో వచ్చి ఆపాడు. విల్సన్ కొన్నాళ్లు ఊరొదిలి వెళ్లాల్సి వచ్చింది. ఆ తర్వాత ప్రభుత్వం రెండువైపులవాళ్లనూ క్షమించి వదిలేసింది. ఆ ఇంటికి 'ఫోర్ట్ విల్సన్' అని పేరు మిగిలింది.

నల్లకోటు

ఘాటు గారూ, ఒక్క మాట. ఆ ఇద్దరు క్వేకర్ల కేసు ఎవరూ తీసుకోకపోతే వాళ్లకు న్యాయం ఎక్కడ? ఊరంతా ఉరి వేయమంటున్న మనిషి తరఫున నిలబడటమే మా వృత్తిలో కష్టమైన పని. స్వాతంత్ర్య ప్రకటన మీద సంతకం పెట్టిన విల్సన్‌కు దేశభక్తి నిరూపించుకోవాల్సిన అవసరం లేదు. ఓడిపోయే కేసని తెలిసి కూడా వాదించాడు. దీన్ని ఆయన మీద నేరంగా చూపించడం నాకు నచ్చలేదు.

గుంటూరు_ఘాటు

కేసు వాదించడం తప్పని నేను అనలేదు. ధరల సంగతికి మీరు జవాబు ఇవ్వలేదు, గమనించండి.

ఎమ్మెస్_మిగిలింది

నమస్తే అందరికీ. నేను ఎమ్మెస్ చేయడానికి న్యూజెర్సీ వచ్చా. మొన్న రూమ్మేట్‌తో ఎలక్టోరల్ కాలేజీ (అధ్యక్షుణ్ణి నేరుగా కాకుండా ఎలక్టర్ల ద్వారా ఎన్నుకునే పద్ధతి) మీద వాదన అయింది. ఎక్కువ ఓట్లు వచ్చినవాడు కూడా ఓడిపోయే వీలున్న ఈ పద్ధతి విల్సన్ ఐడియా అని వాడన్నాడు. నిజమేనా?

ఓరుగల్లు_అక్క

తమ్ముడూ, సగం నిజం. పొలిటికల్ సైన్స్ పాఠం చెప్పేదాన్ని కాబట్టి కొంచెం పొడుగవుతుంది, ఓపిక పట్టు.

1787 జూన్ 1. రాజ్యాంగ సభలో కార్యనిర్వాహక అధికారం ఎవరి చేతిలో పెట్టాలన్న చర్చ. విల్సన్ లేచి, ఒకే వ్యక్తి చేతిలో పెడదాం అన్నాడు. ఆ చర్చలను రాసిపెట్టుకున్న ప్రతినిధి మాడిసన్ నోట్స్ ప్రకారం సభలో చాలాసేపు ఎవరూ నోరెత్తలేదు. వాషింగ్టన్ అక్కడే కూర్చుని ఉన్నాడు కదా, ఆ ఒక్కడు ఎవరో అందరికీ తెలుసు. చివరికి ఫ్రాంక్లిన్ కల్పించుకుని, ఇది ముఖ్యమైన విషయం, మాట్లాడండి అనాల్సి వచ్చింది. ఎడ్మండ్ రాండాల్ఫ్ అయితే ఇది రాచరికానికి పిండం అన్నాడు. రాజు నుంచి విడిపోయి పదకొండేళ్లే అయింది మరి.

అదే రోజు విల్సన్, ఆ ఒక్కడిని నేరుగా ప్రజలే ఎన్నుకోవాలి అన్నాడు. ఆ సభలో అది చాలామందికి పిచ్చి మాటలా వినిపించింది. సరే, నేరుగా కుదరదంటే మధ్యేమార్గంగా ప్రజలు జిల్లాలవారీగా ఎలక్టర్లను ఎన్నుకోవాలి, వాళ్లు అధ్యక్షుణ్ణి ఎన్నుకోవాలి అని మర్నాడు ప్రతిపాదించాడు. అదీ ఓడిపోయింది. వేసవంతా 'కాంగ్రెస్సే ఎన్నుకోవాలి' అన్న పద్ధతి చుట్టూ తిరిగి తిరిగి, సెప్టెంబరులో ఒక కమిటీ ఎలక్టర్ల పద్ధతిని వేరే రూపంలో తీసుకొచ్చింది. కాబట్టి మీ రూమ్మేట్‌తో చెప్పు: విల్సన్ మొదటి కోరిక ప్రత్యక్ష ఎన్నిక. ఎలక్టర్లు దొరికిందానితో సర్దుకున్న బేరం.

సెనేట్‌నూ ప్రజలే ఎన్నుకోవాలన్నాడు. దానికి 1913 దాకా ఆగాల్సి వచ్చింది, 17వ సవరణతో. చిన్న రాష్ట్రాలకూ పెద్ద రాష్ట్రాలకూ సెనేట్‌లో సమాన సీట్లు అన్నప్పుడు, మనం ప్రభుత్వం కడుతున్నది మనుషుల కోసమా, రాష్ట్రాలు అనే ఊహాజీవుల కోసమా అని అడిగాడు. నాకు ఆ సభ మొత్తంలో ఎక్కువ నచ్చిన ప్రశ్న అదే.

ఎమ్మెస్_మిగిలింది

థాంక్యూ అక్కా. స్క్రీన్‌షాట్ తీసి వాడికి పంపించేశా.

నల్లకోటు

అక్క గారు చెప్పిందానికి తోడు: సభలో 168 సార్లు మాట్లాడాడు. ఇతనికంటే ఎక్కువ మాట్లాడింది గువర్నూర్ మోరిస్ (రాబర్ట్ మోరిస్ కాదు, వేరే ఆయన) ఒక్కడే, 173. ఫ్రాంక్లిన్‌కు ఎనభై ఒక్క ఏళ్లు, ఎక్కువసేపు నిలబడలేడు. ఆయన రాసుకొచ్చిన ప్రసంగాలు చదివి వినిపించింది కూడా విల్సనే. ఆ స్కాటిష్ యాస ప్రత్యర్థులకు మంచి సరుకు. 'జేమ్స్ ద కాలెడోనియా' అని పత్రికల్లో ఎగతాళి చేసేవాళ్లు (కాలెడోనియా అంటే స్కాట్లాండు పాత పేరు).

మాటలకంటే రాత ముఖ్యం. జూలై చివర్లో మొత్తం తీర్మానాలను రాజ్యాంగ రూపంలో పెట్టడానికి ఐదుగురితో కమిటీ వేశారు. జాన్ రట్లెడ్జ్, రాండాల్ఫ్, ఆలివర్ ఎల్స్‌వర్త్, నేథానియల్ గోరమ్, విల్సన్. విల్సన్ చేతిరాతలో ఉన్న ఆ డ్రాఫ్టులు పెన్సిల్వేనియా హిస్టారికల్ సొసైటీలో ఇప్పటికీ ఉన్నాయి. 'మేము, ప్రజలము' అన్న మొదలు ఆ కమిటీ డ్రాఫ్టులోనే ఉంది, కాకపోతే దాని తర్వాత పదమూడు రాష్ట్రాల పేర్లూ వరసగా ఉండేవి. పేర్లు తీసేసి చిక్కగా చేసింది గువర్నూర్ మోరిస్. 'భారతదేశ ప్రజలమగు మేము' అని మన పీఠిక మొదలవడానికి దారి అక్కడి నుంచే వచ్చింది.

గుంటూరు_ఘాటు

అందరూ పూలు చల్లుతున్నారు గానీ ఒకటి దాటేశారు. బానిసలను అయిదింట మూడు వంతుల లెక్కన జనాభాలో కలిపే ప్రతిపాదన ఆ సభలో పెట్టింది ఎవరు? జూన్ 11, జేమ్స్ విల్సన్. బలపరిచింది సౌత్ కెరొలైనాకు చెందిన చార్లెస్ పింక్నీ. ఉత్తరాది లాయరు, మానవత్వం గురించి లెక్చర్లు ఇచ్చినవాడు, బానిసల యజమానులకు కాంగ్రెస్‌లో అదనపు సీట్లు చేతిలో పెట్టాడు. అక్క చెప్పిన ఎలక్టర్లను కూడా ఆ సీట్ల లెక్కనే పంచారు. అంటే అధ్యక్ష ఎన్నికలో కూడా అదనపు బలమే.

ఓరుగల్లు_అక్క

ఘాటు గారు చెప్పింది అక్షరాలా నిజం, దాన్ని తేలిక చేయను. ఎందుకు చేశాడన్నది మాత్రం చూడాలి. ఆ నిష్పత్తి విల్సన్ కనిపెట్టింది కాదు. 1783లో రాష్ట్రాలు కట్టాల్సిన డబ్బు పంచడానికి పాత కాంగ్రెస్ అదే లెక్క ప్రతిపాదించింది. అక్కడ అది పన్ను లెక్క. విల్సన్ దాన్ని తీసుకొచ్చి సీట్ల లెక్క చేశాడు. జనాభా ప్రకారం సీట్లు అనే సూత్రం నెగ్గాలంటే దక్షిణాది ఓట్లు కావాలి. ఆ ఓట్లకు కట్టిన ధర ఇది.

విచిత్రం ఏమిటంటే, సరిగ్గా నెల తర్వాత, జూలై 11న, తనే లేచి ఈ మూడు వంతులకు అర్థమేమిటో నాకు తోచడం లేదన్నాడు. వాళ్లు పౌరులైతే తెల్లవాళ్లతో సమానంగా ఎందుకు లెక్కించరు? ఆస్తి అయితే మిగతా ఆస్తిని ఎందుకు లెక్కించరు? అని అడిగి, ఆ వెంటనే, రాజీ అవసరం ముందు ఈ ఇబ్బందులు తలవంచక తప్పదు అన్నట్టు మాట్లాడాడు. తప్పు అని తెలియక చేసిన మనిషి కాదు. తెలిసే చేశాడు. అది ఇంకా పెద్ద తప్పా, చిన్న తప్పా అన్నది మీరే తేల్చుకోండి.

ఆ డిసెంబరులో, రాజ్యాంగాన్ని ఆమోదించడానికి పెన్సిల్వేనియాలో జరిగిన సభలో, 1808 తర్వాత బానిసల దిగుమతిని ఆపే వీలు కల్పించే క్లాజు ఈ దేశం నుంచి బానిసత్వాన్ని తరిమేయడానికి పునాది అవుతుందని ఆశ చూపించాడు. దిగుమతి ఆగింది. బానిసత్వం ఇంకో అరవై ఏళ్లకు దగ్గరగా బతికింది, పోవడానికి అంతర్యుద్ధం కావాల్సి వచ్చింది.

మోడరేటర్

చర్చ బాగుంది. ఇప్పటి అమెరికా ఎన్నికల మీద పెట్టిన మూడు కామెంట్లు తీసేశాను. వాటికి వేరే థ్రెడ్ ఉంది, అక్కడ కొట్టుకోండి.

నల్లకోటు

జడ్జిగా విల్సన్ గురించి రాద్దామని ఆగా.

ముందు ఒక గమ్మత్తు. 1789 ఏప్రిల్‌లో వాషింగ్టన్‌కు ఉత్తరం రాసి, చీఫ్ జస్టిస్ పదవి నాకివ్వండి అని తనే అడిగాడు. వాషింగ్టన్ మర్యాదగా జవాబు ఇచ్చి ఆ పదవి జాన్ జేకి ఇచ్చాడు, ఇతనికి అసోసియేట్ జస్టిస్. వాషింగ్టన్‌కు ఇతని చదువు మీద గౌరవం లేక కాదు. సొంత తమ్ముడి కొడుకు బుష్‌రాడ్‌ను లా నేర్చుకోమని పంపింది విల్సన్ దగ్గరికే, నూరు గినీల ఫీజు ఒప్పుకుని. అప్పటికే భూముల అప్పుల సంగతి ఊళ్లో నలుగురికీ తెలుసు కాబట్టి వెనకాడాడేమో అని నా ఊహ.

ఇక తీర్పుల్లో ముఖ్యమైంది 1793 నాటి చిసమ్ వర్సెస్ జార్జియా. యుద్ధ సమయంలో రాబర్ట్ ఫార్కర్ అనే సౌత్ కెరొలైనా వ్యాపారి జార్జియాకు సరుకు అమ్మాడు, డబ్బు రాలేదు. ఆయన పోయాక ఎస్టేటు చూసే చిసమ్ సుప్రీంకోర్టులో రాష్ట్రం మీద దావా వేశాడు. జార్జియా, మేం సార్వభౌమ రాష్ట్రం, మమ్మల్ని కోర్టుకు లాగలేరు అంటూ హాజరు కూడా కాలేదు. 4-1తో చిసమ్ గెలిచాడు. అందరిలోకీ దూరం వెళ్లింది విల్సన్. అసలు సార్వభౌమత్వం మనుషులది, ఆ మనుషులు చేసుకున్న బొమ్మ రాష్ట్రం, నిజాయితీగల మనిషి అప్పు తీర్చాల్సి వస్తే రాష్ట్రం ఎందుకు తీర్చకూడదు అన్న దారిలో సాగింది వాదన. వ్యతిరేకించిన ఒక్కడు జేమ్స్ ఐర్‌డెల్. ఈ పేరు గుర్తుపెట్టుకోండి.

రాష్ట్రాలు హడలిపోయాయి. రెండేళ్లలో 11వ సవరణ తెచ్చి తీర్పును తుడిచేశాయి. ఇప్పటికీ అక్కడ రాష్ట్రం మీద దావా అంటే తల ప్రాణం తోకకొస్తుంది. మన రాజ్యాంగం 300వ అధికరణంలో రాష్ట్రం దావా వేయొచ్చు, రాష్ట్రం మీద దావా వేయొచ్చు అని రాసుకున్నాం. గెలిచాక డబ్బు రాబట్టడం వేరే యుద్ధం అనుకోండి.

ఎమ్మెస్_మిగిలింది

అప్పు తీర్చాలని రాష్ట్రానికి చెప్పినవాడు తన అప్పు తీర్చలేక పారిపోయాడా 😅

భూమి_పుట్ర

ఇన్నాళ్లూ చదివి వెళ్లిపోయేవాణ్ణి, భూమి మాట వచ్చింది కాబట్టి రాస్తున్నా. మాది రియల్ ఎస్టేట్.

విల్సన్ చేసింది మన ఊరి శివార్లలో వెంచర్లు వేసేవాళ్లు చేసేదే. కొంచెం అడ్వాన్సు కట్టి పెద్ద విస్తీర్ణానికి హక్కు కాగితం రాయించుకోవడం, ఆ కాగితం చూపించి అప్పు తేవడం, ఆ అప్పుతో ఇంకో కాగితం కొనడం. యూరప్ నుంచి జనం ఓడల మీద ఓడలు దిగుతారు, ఎకరం ధర పదింతలు అవుతుందని లెక్క. పెన్సిల్వేనియాలో, న్యూయార్కులో, ఒహాయో అవతల, చివరికి జార్జియా యాజూ భూముల్లో కూడా ఇతనికి వాటా ఉంది. ఇల్లినాయ్-వబాష్ అనే భూముల కంపెనీకి ప్రెసిడెంటు. ఆ భూముల్లో చాలా భాగం మీద అప్పటికి ఆదివాసీ జాతులు బతుకుతున్నాయి. కాగితం ఒకరిది, నేల ఇంకొకరిది.

యూరప్‌లో ఫ్రాన్స్ యుద్ధాలు మొదలయ్యాక అనుకున్నంత జనమూ రాలేదు, డబ్బూ రాలేదు. 1797 ఫిబ్రవరిలో బ్యాంక్ ఆఫ్ ఇంగ్లండ్ నోట్లకు బంగారం ఇవ్వడం ఆపేసింది. అమెరికాలో అప్పటికే అప్పు పుట్టడం కష్టంగా ఉంది, ఇక పూర్తిగా బిగుసుకుంది. స్వాతంత్ర్య యుద్ధానికి డబ్బు సర్దిన రాబర్ట్ మోరిస్ అంతటివాడు 1798లో ఫిలడెల్ఫియా అప్పుల జైలుకు వెళ్లాడు, మూడేళ్లకు పైగా ఉన్నాడు. విల్సన్ ఏపాటి.

గుంటూరు_ఘాటు

జడ్జిగా జీతం ఎంత వచ్చేది?

నల్లకోటు

ఏడాదికి 3,500 డాలర్లు. ఆ రోజులకు మంచి జీతమే. భూముల వడ్డీల ముందు మాత్రం ఏ మూలకూ రాదు.

ఫిల్లీ_బాబాయ్

చివరి రోజులు నేను చెబుతాను.

మొదటి భార్య రేచల్ 1786లో పోయింది, ఆరుగురు పిల్లలు. 1793లో సర్క్యూట్ కోర్టు పని మీద బోస్టన్ వెళ్లినప్పుడు హానా గ్రే అనే అమ్మాయిని చూసి మనసు పారేసుకున్నాడు. ఆవిడకు పందొమ్మిది, ఈయనకు యాభై. రోజుల్లోనే పెళ్లి ప్రస్తావన. అప్పుడు అక్కడ కుర్ర లాయరుగా ఉన్న జాన్ క్విన్సీ ఆడమ్స్ ఈ సంగతి తమ్ముడికి ఉత్తరంలో రాసి తెగ నవ్వుకున్నాడు. ఆ సెప్టెంబరులో పెళ్లయింది. నవ్వినవాళ్లు ఎవరూ తర్వాత ఆవిడ పడ్డది ఊహించి ఉండరు.

1797లో అప్పులవాళ్లు తరుముతుంటే విల్సన్ ఫిలడెల్ఫియా దాటి న్యూజెర్సీలోని బర్లింగ్టన్ వెళ్లాడు. అక్కడ అరెస్టయ్యాడు. కొడుకు బర్డ్ డబ్బు సర్ది విడిపించాడు. అక్కణ్ణుంచి దక్షిణానికి, నార్త్ కెరొలైనాలోని ఈడెంటన్‌కు. అది తోటి జడ్జి ఐర్‌డెల్ సొంత ఊరు. అక్కడ కూడా వదల్లేదు. పియర్స్ బట్లర్ అనే పెద్దమనిషి 1,97,000 డాలర్ల బాకీ మీద మళ్లీ జైల్లో వేయించాడు. తనను అడవి మృగాన్ని వేటాడినట్టు వేటాడుతున్నారని ఉత్తరంలో రాసుకున్నాడు. విడుదలయ్యాక హార్నిబ్లో సత్రంలో ఒక గదిలో ఉన్నాడు. హానా వచ్చి చేరింది. వేసవిలో మలేరియా, దాని నుంచి తేరుకోకముందే పక్షవాతం. ఆగస్టు 21న పోయాడు. హానాను ఆదుకున్నది ఐర్‌డెల్ కుటుంబమే. చిసమ్ కేసులో ఒంటరిగా ఎదురు నిలిచిన ఆ ఐర్‌డెల్. ఆయన కూడా మరుసటి ఏడాదే, నలభై ఎనిమిదేళ్లకే పోయాడు.

ఓరుగల్లు_అక్క

బట్లర్ పేరు బాబాయ్ గారు మామూలుగా దాటేశారు. ఆయన కూడా అదే 1787 సభలో కూర్చున్నవాడే, రాజ్యాంగం మీద సంతకం పెట్టినవాడే. సౌత్ కెరొలైనాలో పెద్ద బానిసల యజమాని. పారిపోయిన బానిసలను పట్టి యజమానికి అప్పగించాలన్న క్లాజు ఆయన పట్టుబట్టి పెట్టించిందే. అది మొదట సభలో లేపినప్పుడు, దీనికోసం రాష్ట్రం తన సొంత డబ్బు ఖర్చు పెట్టాలా అని అడ్డు చెప్పింది విల్సన్. పదకొండేళ్ల తర్వాత ఆ బట్లరే ఈయన్ని పట్టించాడు.

ఆ సత్రం గురించి కూడా ఒక మాట. హార్నిబ్లో కుటుంబానికి బానిసగా ఉన్న మాలీ అనే ఆవిడ మనవరాలే హ్యారియెట్ జేకబ్స్, 1813లో ఈడెంటన్‌లోనే పుట్టింది. యజమాని నుంచి తప్పించుకుని, అమ్మమ్మ ఇంటి అటక సందులో నిలబడ్డానికి కూడా చోటు లేని చోట ఏడేళ్లకు దగ్గరగా దాక్కుని, 1842లో ఉత్తరానికి పారిపోయి, తన జీవితం తనే రాసి అచ్చు వేయించింది. మూడు వంతుల లెక్కలో పడ్డ మనుషులు ఎవరని ఎవరైనా అడిగితే నేను ఆవిడ పేరు చెబుతాను.

గుంటూరు_ఘాటు

అక్కా, ఈ పోస్టుకు దండం. నేను రాయాలనుకున్నది నాకంటే బాగా రాశారు.

భూమి_పుట్ర

నాదొక డౌటు. జడ్జి రెండుసార్లు జైలుకెళ్తే పదవి పోదా? అభిశంసన చేయలేదా?

నల్లకోటు

చేయలేదు. రాజ్యాంగం ప్రకారం జడ్జి సత్ప్రవర్తన ఉన్నంతకాలం ఉంటాడు, దించాలంటే అభిశంసన ఒక్కటే దారి. అప్పు పడటం నేరమా అన్నది ఒకటి, ఎవరూ ముందుకు రాకపోవడం ఒకటి. గుసగుసలు నడిచాయి. ఈలోగా మనిషే పోయాడు. ఖాళీ అయిన సీటును ప్రెసిడెంట్ ఆడమ్స్ ముందు జాన్ మార్షల్‌కు ఇవ్వబోతే ఆయన వద్దన్నాడు. అప్పుడు బుష్‌రాడ్ వాషింగ్టన్‌ను వేశారు, పైన చెప్పిన విల్సన్ శిష్యుడే.

ఎమ్మెస్_మిగిలింది

రాజీనామా చేసి మళ్లీ ప్రాక్టీస్ పెట్టుకుంటే అప్పులు తీరేవి కదా సార్? పెద్ద లాయరు అంటున్నారు.

నల్లకోటు

ఏ ఊళ్లో పెడతాడు బాబూ? ఫిలడెల్ఫియాలో అడుగు పెడితే జైలే. చేతిలో ఉన్న ఒకే ఆదాయం ఆ జీతం. జడ్జిలకు పెన్షన్ 1869లో గానీ రాలేదు. అందుకే ఆ కాలం జడ్జిలు మంచాన పడినా కుర్చీ వదిలేవాళ్లు కాదు.

దివాలా చట్టం కూడా అప్పటికి లేదు. దేశం మొత్తానికి మొదటిది 1800లో వచ్చింది. దాని పుణ్యాన 1801లో రాబర్ట్ మోరిస్ బయటపడ్డాడు. 1803లో రద్దు చేశారు. విల్సన్ ఇంకో రెండేళ్లు బతికి ఉంటే బహుశా తలెత్తుకుని ఇంటికి వెళ్లేవాడు.

ఫిల్లీ_బాబాయ్

వెళ్లాడు లెండి, నూట ఎనిమిదేళ్ల తర్వాత. ఈడెంటన్ దగ్గర ఒక ప్లాంటేషన్‌లో పాతిపెట్టిన శవపేటికను 1906 నవంబరులో తవ్వి తీసి, నౌకాదళం ఓడలో తెచ్చి, ఇండిపెండెన్స్ హాల్లో ఉంచి, క్రైస్ట్ చర్చి ఆవరణలో మళ్లీ పూడ్చారు. జడ్జిలు, గవర్నర్లు అందరూ వచ్చారు. దీని వెనక రాజకీయం లేకపోలేదు. జాతీయ ప్రభుత్వానికి ఎక్కువ అధికారం కావాలనుకున్న అప్పటి ప్రెసిడెంట్ థియొడర్ రూజ్‌వెల్ట్ అంతకు నెల ముందే హారిస్‌బర్గ్‌లో మాట్లాడుతూ విల్సన్‌ను ఆకాశానికి ఎత్తాడు. అవసరం పడ్డప్పుడే పెద్దలు గుర్తొస్తారు కదా.

చూడాలనుకునేవాళ్లకు: ఫ్రాంక్లిన్ సమాధి ఉన్నది ఫిఫ్త్, ఆర్చ్ మూల మీది శ్మశానంలో. విల్సన్‌ది అక్కడ కాదు, సెకండ్ స్ట్రీట్‌లో చర్చి పక్కనే. రెండింటికీ క్రైస్ట్ చర్చి అనే పేరే కాబట్టి చాలామంది తప్పు చోటికి వెళ్తారు.

గుంటూరు_ఘాటు

నా మాట మీద నేను ఉన్నా. ఓటు ప్రజలకే ఇవ్వాలన్నాడు, ఒప్పుకుంటా. ఆ ప్రజలే తుపాకీ పట్టుకుని ఇంటికి వస్తే మాత్రం తలుపు వేసుకున్నాడు. ధరల అదుపు గురించి నల్లకోటు గారి జవాబు కోసం ఇంకా ఎదురుచూస్తున్నా.

నల్లకోటు

రేపు కోర్టు ఉంది ఘాటు గారూ. ఆదివారం రాస్తా, వదలను.